వదులవుతున్న బోల్టులు

మంజుష ఆ జీపుని అడిగి తీసుకోలేదు. మామగారే పిలిచి ఇచ్చారు.

పెళ్ళై ఆ ఇంటికొచ్చాక ఆమె ఉండి ఊరి సెంటర్లో చిన్న ల్యాబు పెట్టుకుంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చెయ్యడం ఆమె పని. పొద్దున్నే చెరువుల వెంట తిరిగి, సీసాల్లోకి నీళ్ళెత్తి, ఉప్పెంతుందో, ఆక్సిజన్ ఎంతుందో చూసి, ఏ చెరువులో ఏం చల్లాలో రైతులకి చెప్పిరావాలి. మొదట్లో స్కూటీ మీద తిరిగేది. ఓసారి చెరువు గట్టు మీద జారి, సీసాలతో సహా బురదలో పడి, ఆ అవతారంతోనే ఇంటికొచ్చింది. మర్నాడు మామగారు భద్రిరాజుగారు జీపు తాళం తెచ్చి ఆమె టిఫిన్ పళ్ళెం పక్కన పెట్టారు.

"ఇకనుంచి దాన్లో వెళ్ళమ్మా. గట్ల మీద దానికి తిరుగులేదు" అన్నారు.

ఇంట్లో అందరూ తెల్లబోయారు. ఆ జీపంటే ఆయనకి ప్రాణం. ఎనభైల్లో కొన్న బండి. ఆకుపచ్చ రంగు, ముందు గుండ్రటి దీపాలు, నాలుగు చక్రాలకీ గేరు వేస్తే మోకాల్లోతు బురదలోంచైనా గేదెలా లేచొచ్చే ఇంజను. కన్నకొడుకు శ్రీకాంత్‌ని కూడా ఆయన ఏనాడూ దాని స్టీరింగు పట్టుకోనివ్వలేదు.

"నన్నెందుకు నమ్మలేదో, నిన్నెందుకు నమ్మారో నాకర్థం కాదు" అని శ్రీకాంత్ పెళ్ళాం దగ్గర చాలాకాలం సణిగాడు.

ఆ జీపుకి పైన ఏమీ లేదు. ఎండాకాలం టోపీ పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చింది గాని, తొలకరి పడేసరికి మంజుషకి కష్టమొచ్చింది. పరికరాల పెట్టె తడిసి, మంచి మీటరు ఒకటి పాడైపోయింది. గుడ్డ టాపు కుట్టించుకుందామని అనుకుంటుండగా, ధాన్యం కొట్టు వెనక, చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే, విరిగిపోయిన ఏరియేటర్ల మధ్య బోర్లా పడున్న పెద్ద ఇనప డొప్ప ఆమె కంటబడింది. దానికి రెండు పక్కలా అద్దాలున్నాయి. వెనక ఒక తలుపు కూడా ఉంది. దుమ్ము తుడిచి చూస్తే జీపు రంగే.

"అత్తయ్యగారూ, ఆ కొట్టు వెనకున్నది జీపు టాపేనాండీ?" అని అడిగింది.

"అదేనమ్మా" అన్నారు రత్నమాణిక్యంగారు చేపలకి పసుపు పట్టిస్తూ. "రాజమండ్రిలో కట్టించారు. కావాలంటే బిగించుకోవచ్చు, వద్దంటే తీసేసుకోవచ్చు. బిగించి కొన్నాళ్ళు తిరిగారు కూడాను. ఓ రోజు ఉన్నట్టుండి పనివాళ్ళని కేకేసి ఊడదీయించేశారు. తుప్పు పడుతోంది, బాగుచేయించాలన్నారు. మళ్ళీ దాని ఊసెత్తలేదు. మీ ఆయన అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు."

మంజుష మళ్ళీ వెళ్ళి టాపు అంచులన్నీ గోటితో గీకి చూసింది. అన్నేళ్ళు వానకి నానినా అక్కడక్కడ తప్ప తుప్పు లేదు. మరి అప్పుడే ఎందుకు తుప్పన్నారు?

సాయంత్రం భద్రిరాజుగారు అరుగు మీద పేపరు చదువుకుంటుంటే వెళ్ళి అడిగింది. "మామయ్యగారూ, ఆ టాపు మళ్ళీ బిగించుకోవచ్చాండీ?"

"అది సరిపోదమ్మా."

"దేనికండీ?"

"జీపుకి. కొలత తేడా" అన్నారాయన పేపరు కాస్త పైకెత్తుతూ.

ఆ జీపు కోసం కట్టించిన టాపు ఆ జీపుకే ఎలా సరిపోదు? మంజుషకి బోధపడలేదు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. మర్చిపోయి ఉంటారని సరిపెట్టుకుని, జీపు రిపేర్లు చేసే డేనియల్‌ని పిలిపించింది. డేనియల్‌ది ఉండిలోనే షెడ్డు. అతను టేపు పెట్టి జీపునీ టాపునీ కొలిచి, తల ఎగరేశాడు.

"అచ్చు గుద్దినట్టు సరిపోద్దండి మేడమ్ గారూ. సరిపోదని ఎవరన్నారండి?"

మామగారి పేరు చెప్పడానికి నోరు రాలేదు. "ఎవరో అన్నార్లెండి" అంది.

ఆ మాటే భద్రిరాజుగారికి చెబితే, ఆయన కోడలి ముఖం కేసి కాసేపు చూశారు. "నీ ఇష్టమమ్మా. బండి నీది" అన్నారు. టాపు బిగించే రోజు మాత్రం పొద్దున్నే భీమవరంలో పనుందని బస్సెక్కి వెళ్ళిపోయారు.

చెరువుల మీద పనిచేసే మనుషులు నలుగురు టాపుని నాలుగు మూలలా పట్టి లేపారు. జీపు గోడల అంచు మీద డేనియల్ ముందే రబ్బరు పట్టీ పరిచాడు. "నెమ్మది, నెమ్మది, రబ్బరు నలక్కూడదు" అని అరుస్తూ అటూ ఇటూ గెంతాడు. టాపు కూర్చుంది గాని, కన్నానికి కన్నం కలవలేదు. ముందు అద్దం ఫ్రేముకి తగిలించే కొక్కేలు బిగిస్తే వెనక వైపు లేచింది. వెనక తొక్కిపెట్టి బోల్టు దింపితే ముందు కొక్కెం ఊడింది. కుంటి మంచానికి ఒక కోడు సర్దితే ఇంకో కోడు లేచినట్టయింది వ్యవహారం.

"ఆగండాగండి. ఏదీ బిగించొద్దు" అన్నాడు డేనియల్ చెమట తుడుచుకుని. "అన్ని బోల్టులూ ముందు చేత్తో పట్టించి వదిలేద్దారి. దాన్ని దాని చోటుకి పోనిద్దారి. ఆ తర్వాత ఇటొకటి, అటొకటి కొంచెం కొంచెంగా బిగిద్దారి."

అలాగే చేశారు. మొండికేసిన టాపు ఎక్కడో ఒకచోట కిర్రుమని, ఇంకోచోట టక్కుమని, చివరికి మెత్తగా ఒదిగి కూర్చుంది. వెనక తలుపు వేస్తే ధన్‌మంది. ఆ మధ్యాహ్నమే వాన దంచి కొట్టింది. మంజుష జీపులో కూర్చుని, నెత్తి మీద రేకు మీద వాన మోత వింటూ, ఒంటి మీద ఒక్క చుక్క పడకుండా చెరువులన్నీ చుట్టి వచ్చింది. తనలో తనే నవ్వుకుంది కూడా.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు.

ఒక పొద్దున గట్టు మీద పోతుంటే నెత్తి మీద టకటకమని చప్పుడు మొదలైంది. ఆపి చూస్తే బోల్టుల నట్లు వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. ఒకటి కాదు, అన్నీ. డేనియల్ దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ బిగించాడు.

"కొత్తగా బిగించింది కదండి, రబ్బరు అణుగుద్ది. సర్దుకుంటది" అన్నాడు.

సర్దుకోలేదు. మళ్ళీ వదులయ్యాయి. ఈసారి స్ప్రింగు వాషర్లు వేశాడు. అవీ వదులయ్యాయి. ఒక నట్టు మీద ఇంకో నట్టు వేసి బిగించాడు. రెండూ వదులయ్యాయి.

ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. "మన రోడ్లకి మనుషుల కీళ్ళే ఊడుతున్నాయి, బోల్టులెంత?" అన్నాడు శ్రీకాంత్. రత్నమాణిక్యంగారు దిష్టి అని తేల్చి, నిమ్మకాయ, మిరపకాయలు దండ గుచ్చి బంపరుకి కట్టారు. భద్రిరాజుగారు మాత్రం భోజనాల దగ్గర తల ఎత్తకుండా, "అంత అవస్థ దేనికమ్మా, తీయించెయ్యరాదూ" అన్నారు.

మంజుష తనే ఒక స్పానరు కొనుక్కుంది. సాయంత్రం ఇంటికి రాగానే చీర కొంగు దోపుకుని ఒక్కో నట్టూ బలమంతా పెట్టి బిగించేది. పొద్దున చూస్తే అవి వదులుగా ఉండేవి. చివరికి ఆమెకి తన మీద తనకే అనుమానం వచ్చింది.

"ఏవండీ, కుడివైపు తిప్పితే కదా బిగుసుకునేది?" అని మొగుణ్ణి అడిగింది.

"ఎమ్మెస్సీ చదివావు, నన్నడుగుతావేంటి?" అన్నాడు శ్రీకాంత్. అయినా లేచొచ్చి కుళాయి తిప్పి చూసి, "కుడివైపే" అన్నాడు.

ఆదివారం ఆమె బండి బయటికి తియ్యలేదు. శనివారం సాయంత్రం బిగించిన బోల్టులు సోమవారం పొద్దున వదులుగా ఉన్నాయి. కదలని బండికి బోల్టు ఎలా వదులవుతుంది? ఆ ప్రశ్న ఆమె తలలో గిర్రున తిరిగింది గాని, దానికి జవాబు వెతికే తీరిక లేదు. పరీక్షలకి వాడే మందులు అయిపోయాయి. రాజమండ్రి వెళ్ళి తెచ్చుకోవాలి.

ఆ ప్రయాణం రోజున బయల్దేరే ముందు ఒకటి రెండు నట్లు బిగించింది. ఇంతలో ఎవరో రైతు ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మిగతావి మర్చిపోయి జీపెక్కేసింది. తణుకు దాటింది, కొవ్వూరు దాటింది, వంతెన ఎక్కింది. కింద గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. నది మీద గాలి పక్కనుంచి ఈడ్చి కొడుతోంది. వంతెన మధ్యకొచ్చేసరికి అద్దం పైన టప్పున ఏదో తెగినట్టయింది. ముందు కొక్కెం ఊడిపోయింది. ఆ సందులోంచి గాలి లోపలికి దూరి టాపుని కిందనుంచి ఎత్తింది. చెవులు చిల్లులు పడేంత చప్పుడు. నెత్తి మీద ఇనప టాపు లేస్తూ, పడుతూ, మళ్ళీ లేస్తూ ఉంది. మంజుషకి బ్రేకు ఎక్కడుందో కూడా ఒక్క క్షణం తెలియలేదు.

ఎలాగో ఓ పక్కకి తీసి ఆపింది. వెనకే వస్తున్న చేపల లారీ ఆగింది. డ్రైవరు, క్లీనరు దిగి, తాడు తెచ్చి టాపుని జీపు నడుము చుట్టూ కట్టేశారు.

"అదృష్టవంతులండి మేడమ్. ఎగిరి నా అద్దం మీద పడుంటే మీరూ లేరు, మేమూ లేము" అన్నాడా డ్రైవరు.

మందులూ లేవు, ఏమీ లేవు. వంతెన అవతల బండి తిప్పుకుని, ఎద్దుబండి నడకతో తిరిగొచ్చి, నేరుగా డేనియల్ షెడ్డు ముందు ఆపింది.

"నా ప్రాణం పోయేదండీ ఇవాళ! బిగించడం చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చు కదా!" అంది. గొంతు పెద్దదైపోయింది. పక్కనున్న టీకొట్టులోవాళ్ళు తిరిగి చూశారు.

డేనియల్ ముఖం మాడిపోయింది. వెళ్ళి తాడు విప్పాడు, ఒక్కో నట్టూ తడిమి చూశాడు. మెల్లగా అడిగాడు.

"రాత్రిళ్ళు బండి ఎక్కడ పెడతన్నారండి?"

"ఇంట్లోనే. షెడ్డులో."

"గేటు వేసుంటదాండి?"

"వేసే ఉంటుంది."

"దొంగోడైతే పట్టుకుపోవాలండి" అన్నాడు డేనియల్. "మీరంటే పడనోడైతే పూర్తిగా ఊడదీసి పారెయ్యాలి. వీడెవడో చేత్తో తిప్పితే వచ్చేంత వరకే వదులు చేసి పోతన్నాడు. ఇదేం మనిషండి?"

మంజుషకీ అదే అర్థం కాలేదు.

రాత్రి భోజనాల దగ్గర వంతెన సంగతి చెప్పింది. రత్నమాణిక్యంగారు గుండెలు బాదుకున్నారు. శ్రీకాంత్ ఆ టాపుని తెల్లారి తూకానికి అమ్మేస్తానన్నాడు. భద్రిరాజుగారి చెయ్యి మాత్రం కంచంలో అలాగే ఆగిపోయింది. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. తన కోసం బెంగపడ్డారు పాపం అనుకుంది మంజుష.

తెల్లవారుతుండగా మెలకువొచ్చింది. కొబ్బరిచెట్ల మీద కాకులు మొదలుపెట్టాయి. షెడ్డు వైపునుంచి ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు సన్నగా వినబడింది. మంజుష చెప్పులు లేకుండానే వాకిట్లోకి వచ్చింది.

జీపు పక్కన భద్రిరాజుగారు నిలబడి ఉన్నారు. రోజూ ఆ వేళకి వాకింగుకని వెళ్ళే మనిషి. మెడలో తువ్వాలు, చేతిలో ఆమె స్పానరు. నట్టుని గట్టిగా బిగించారు. ఓ అడుగు వెనక్కి వేసి చూశారు. మళ్ళీ వచ్చి దాన్ని వదులు చేశారు. కాసేపు నుదురు టాపుకి ఆనించి నిలబడ్డారు. మళ్ళీ బిగించారు.

ఆయనా! టిఫిన్ పళ్ళెం పక్కన తాళం పెట్టిన మనిషి, బురదలో పడొచ్చిన రోజు తనే బిందెతో నీళ్ళు తెచ్చిన మనిషి. ఒకవేళ ఇవాళే మొదటిసారి పట్టుకున్నారేమో, తన కోసం బిగించడానికి వచ్చారేమో అనుకుందామన్నా, ఆ చేతులు వదులు చేసిన తీరు కొత్తగా లేదు.

"మామయ్యగారూ" అంది.

ఆయన ఉలిక్కిపడలేదు. తిరిగి చూశారంతే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బిగిస్తున్నారాండీ, వదులు చేస్తున్నారా?"

భద్రిరాజుగారు చేతిలో స్పానరు కేసి చూసుకున్నారు. "తెలీట్లేదమ్మా" అన్నారు.

ఇద్దరూ షెడ్డు గట్టు మీద కూర్చున్నారు. చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మొదలుపెట్టి ఆపి, ఎక్కడెక్కడికో పోయి, మళ్ళీ వచ్చారు.

శ్రీకాంత్ పుట్టిన ఏడు. టాపు బిగించిన కొత్త. ఆయన కాలువ గట్టు రోడ్డు మీద జీపులో ఇంటికొస్తున్నారు. ముందు తెల్ల అంబాసిడర్ ఒకటి పోతోంది. కాలువ నీళ్ళని ఆపి వదిలే లాకుల దగ్గర మలుపులో ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. కారు తప్పుకోబోయి, ఆయన కళ్ళముందే కాలువలోకి దిగిపోయింది. భద్రిరాజుగారు జీపు వదిలేసి నీళ్ళలోకి దూకారు.

"అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయమ్మా. వానాకాలం కదా. తలుపు పట్టుకుని లాగాను. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాను. నీళ్ళు బయటినుంచి నొక్కేస్తాయని నాకప్పుడు తెలీదు. లోపల ఒకావిడ నా కేసే చూస్తూ తలుపు వైపు చెయ్యి చూపిస్తోంది. తలుపు తియ్యి, తలుపు తియ్యి అని. నాకు తెలుసు కదమ్మా తలుపేనని. నేను లాగుతూనే ఉన్నాను."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"జనం తాళ్ళు తెచ్చేసరికి అయిపోయింది. తడి బట్టలతో వచ్చి జీపెక్కాను. పైన టాపు, పక్కన అద్దాలు. ఊపిరాడలేదు. జీపు అక్కడే వదిలేసి నడిచొచ్చాను. మర్నాడు పనివాళ్ళని పెట్టి టాపు తీయించేశాను. మీ అత్తయ్యకి తుప్పని చెప్పాను."

కారెక్కితే ఆయన ఎప్పుడూ అద్దం దించుకునే కూర్చుంటారు. ఏసీ పడదంటారు. మంజుష పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తోంది. పడదంటే జలుబేమో అనుకుంది.

"నాకొక్క మాట చెప్పుంటే అసలు బిగించేదాన్నే కాదు కదండీ" అంది.

"చెబితే రోజూ ఆ మలుపులో నువ్వు భయపడుతూ నడుపుతావు. ఆ భయం నాకుంది చాలు, నీకెందుకనుకున్నాను. వదులుగా ఉంటే, ఏదైనా అయితే, లోపల్నుంచి తోస్తే లేస్తుంది కదా అని..." ఆయన స్పానరు కింద పెట్టారు. "లేవదని నాకూ తెలుసు. అయినా చెయ్యి ఆగేది కాదు. నిన్న నువ్వు వంతెన సంగతి చెప్పాక ఇంక కన్ను మూతపడలేదు. నా చేతుల్తో నేనే నిన్ను చంపేసేవాణ్ణి. బిగించేద్దామని వచ్చాను. బిగిస్తే కాలువ గుర్తొస్తోంది. వదులు చేస్తే గోదావరి గుర్తొస్తోంది. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

మంజుషకి కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. వంతెన మీద నెత్తిన ఎగిరిన టాపు చప్పుడు చెవుల్లో ఉంది. ఎదురుగా ఈయన తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. ఏం చెప్పాలో తోచక లేచి వెళ్ళి జీపు చుట్టూ తిరిగింది. వెనక తలుపు తీసి, లోపలికెక్కి, వేసుకుంది. తియ్యబోతే పిడి చేతికి తగల్లేదు. తడుముకుంది. లోపల పిడే లేదు. పక్క అద్దాలు జరిపి చూసింది. కదల్లేదు.

ఇన్నాళ్ళుగా ఈ డొప్పలో తిరుగుతూ ఆమె ఇది గమనించనే లేదు. ముందు తలుపుల్ని నీళ్ళు నొక్కేస్తే ఇంక బయటపడే దారే లేదు. "మామయ్యగారూ, తలుపు తియ్యండి" అని అరిచింది.

ఆయన ఒక్క అంగలో వచ్చి తీశారు. "చూశావా? కట్టినవాడు లోపల పిడి పెట్టలేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో మొదటిసారి తేలిక కనిపించింది, తన భయం ఒట్టిది కాదని ఇంకొకళ్ళకి కూడా తెలిసినందుకేమో.

"అయితే పిడి పెట్టిద్దామండీ" అంది మంజుష.

డేనియల్ షెడ్డుకి వెళ్ళినప్పుడు టీకొట్టులో నిన్నటివాళ్ళే ఉన్నారు. వాళ్ళకి వినబడేలాగే అంది. "డేనియల్ గారూ, నిన్న నేనన్నది తప్పండి. బోల్టులు మీవల్ల ఊడలేదు."

"మరెవరండీ?"

"మా ఇంట్లోవాళ్ళేనండి. ఓ భయం వల్ల జరిగింది. తీరిపోతుందనుకుంటున్నాను."

డేనియల్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

వెనక తలుపుకి లోపల్నుంచి తిప్పే పిడి వేశాడు. బిగుసుకుపోయిన పక్క అద్దాలు కిరోసిన్ పోసి, గీకి, వేలితో తోస్తే జరిగేలా చేశాడు. ముందు పాత కొక్కేలు తీసేసి, చేత్తో లాగితే విడిపోయే కొత్త క్లిప్పులు బిగించాడు. గాలి ఎంత తోసినా అవి విడిపోవట, మనిషి లాగితే మాత్రం వస్తాయట. భద్రిరాజుగారు ఈసారి ఏ ఊరూ వెళ్ళలేదు. పక్కనే నిలబడి అన్నీ చూశారు. చివరి బోల్టుల దగ్గరికొచ్చేసరికి మంజుష స్పానరు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఇటొకటి, అటొకటి బిగించారు. వదులు చెయ్యలేదు.

"ఓసారి లోపల కూర్చుని తీసి చూడండి రాజుగారూ" అన్నాడు డేనియల్, లోపలి సంగతేమీ తెలియక.

భద్రిరాజుగారు కోడలి కేసి చూశారు. పంచె సర్దుకుని, వెనకనుంచి ఎక్కి, తలుపు వేసుకున్నారు.

లోపల ఏ అలికిడీ లేదు. కొంచెంసేపు గడిచింది. ఇంకా గడిచింది. "పిడి పట్టేసిందంటారా? తియ్యమంటారా?" అని డేనియల్ చెయ్యి చాపాడు. మంజుష వద్దని ఆపింది. మళ్ళీ తియ్యమందామా అనుకుంది. తీస్తే ఆయనకి ఎప్పటికీ రాదేమో, తియ్యకపోతే ఇప్పుడే ఏమైనా అవుతుందేమో. ఏది మంచో తెలియక తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

పిడి తిరిగింది. తలుపు తెరుచుకుంది. భద్రిరాజుగారి బనీను చెమటకి తడిసి ముద్దయింది.

"వచ్చిందమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం ఆయనే భార్యకి చెప్పారు. రత్నమాణిక్యంగారు ఏడవలేదు సరికదా, చాలాసేపు గుర్రుగా కూర్చున్నారు. "తుప్పన్నారు. ఏసీ పడదన్నారు. ఇన్నేళ్ళలో ఇంకేమేం అన్నారో అవన్నీ ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ ఆలోచించుకోవాలి నేను" అన్నారు. ఆ పైన లేచి, ఆయనకిష్టమని బెల్లం ఆవకాయ జాడీ దింపారు.

తర్వాత ఓ వాన రోజున భద్రిరాజుగారు తనంతట తనే వచ్చి జీపులో మంజుష పక్కన కూర్చున్నారు. "చెరువు దాకా వస్తానమ్మా" అన్నారు. తన వైపు అద్దం సగం తీసి పెట్టుకున్నారు. వాన జల్లు ఆయన భుజం మీదే పడుతోంది. కాలువ రోడ్డెక్కాక మాటలు ఆగిపోయాయి. లాకులు కనబడగానే, "ఆపమ్మా" అన్నారు. దిగి, గొడుగు వేసుకున్నారు.

మంజుషకి ఏం చెయ్యాలో తోచలేదు. నత్తనడకన ఆయన పక్కనే జీపు పోనిచ్చింది.

"నువ్వెళ్ళు. రొయ్యలు నీకోసం ఆగవు" అన్నారాయన.

వెళ్ళింది. మలుపు దాటాక అద్దంలో చూస్తే, ఆయన కాలువ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నీళ్ళు మామూలుగా పోతున్నాయి. ఇది ఓడిపోవడమో, కుదుటపడ్డమో ఆమెకి అంతుబట్టలేదు. సాయంత్రం శ్రీకాంత్, "నాన్నగారు ఎక్కారా?" అని అడిగితే, "సగం దాకా" అంది.

బోల్టులు మాత్రం మళ్ళీ వదులవలేదు.

ఇంకొన్నాళ్ళకి ఆయన మళ్ళీ ఎక్కారు. ఈసారి బయల్దేరిన దగ్గర్నుంచీ ఒకటే మాటలు. చిన్నప్పుడు ఆయన మేనమామ పిఠాపురం నుంచి ఒక పుంజుని సంచిలో పెట్టుకు తెచ్చాడట. అది రైల్లో సంచి చించుకుని బయటపడిందట. టీసీ దాని వెంట పడ్డాడట. లాకులు వచ్చాయి. ఆయన గొంతు పెద్దదైంది. పుంజు పెట్టెలన్నీ తిరుగుతోంది, టీసీ టోపీ ఊడిపోయింది. మంజుష స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఊ కొడుతూ, బండి వేగం పెంచకుండా, తగ్గించకుండా మలుపు తిప్పింది. కాలువ పక్కకి తప్పుకుంది. రెండు వైపులా చెరువులు, ఏరియేటర్ల నురగ.

భద్రిరాజుగారు ఠక్కున ఆగారు. అటూ ఇటూ చూశారు.

"నేనేం చెబుతున్నానమ్మా?" అన్నారు.

"పుంజండీ. రైల్లో" అంది మంజుష.

"ఏ పుంజు?" అన్నారాయన నిజంగానే అర్థంకాక.

మంజుషకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చెరువు దగ్గర జీపు ఆపి, సీసాల పెట్టె ఆయన చేతికిచ్చింది.

"ముందు నీళ్ళెత్తుదాం పదండి మామయ్యగారూ, పుంజు సంగతి తర్వాత చూద్దాం" అంది.